ఏడు వందల గ్రాముల పొయ్యి: గొర్రెల కాపరి కోసం సోలార్ కుక్కర్ తయారు చేసిన అనుభవం

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, కళ్యాణదుర్గం వైపు ఒక హాస్టల్లో సోలార్ వాటర్ హీటర్ బాగుచేసి తిరిగి వస్తున్నాను. రోడ్డు పక్క గుట్ట మీద పొగ కనిపించింది. ఒక పెద్దాయన, ఆయన కొడుకు వేపకొమ్మలతో నేలను బాదుతున్నారు. మూడు రాళ్ల పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి ఎండిన బోదగడ్డిలో పడింది. బండి ఆపి నేనూ ఒక కొమ్మ విరుచుకుని వెళ్లాను. పది నిమిషాల్లో మంట ఆరింది. నాలుగు చాపలు పరిచినంత మేర నల్లబడింది. పొయ్యి మీద అన్నం సగం ఉడికి ఆగిపోయింది.

"గుట్ట కాలితే మేత పోతుంది సారూ. మేత పోతే పోయింది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మళ్లీ మమ్మల్ని ఇటు రానివ్వరు" అన్నాడు పెద్దాయన.

పదిహేనేళ్లుగా ఎండతో నీళ్లు కాచే పనిలో ఉన్నాను. అంత ఎండలో నిలబడి, పుల్లలతో అన్నం వండుకుంటున్న మనిషి మాట వింటుంటే నాకు సిగ్గనిపించింది. ఆ రాత్రే కాగితం మీద గీతలు మొదలుపెట్టాను. వాడదగిన వస్తువు ఆయన చేతికి చేరడానికి పదకొండు నెలలు పట్టింది. ఎక్కడెక్కడ తప్పాను, ఏది నిలిచింది అన్నది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇదే పనికి పూనుకునే వాళ్లకు కొన్ని నెలలైనా కలిసొస్తాయి.

ముందు షరతులు. వాటిని పెట్టింది నేను కాదు, ఆయన. భుజాన గొంగళి, చేతిలో కర్ర, ఒక సంచిలో బియ్యం, పప్పు, ఉప్పుకారాలు, ఒక అల్యూమినియం గిన్నె, ఐదు లీటర్ల నీళ్ల క్యాను. ఇదీ ఆయన మోత. "దీని మీద ఇంకో కిలో పెడితే మోయను" అని ముందే చెప్పేశాడు. విరగకూడదు, మందలో గొర్రెపిల్ల తొక్కినా పాడు కాకూడదు, పగిలిపోయే గాజు ఉండకూడదు. ఇద్దరికి ఒక పూట అన్నం కావాలి. సంగటి సంగతి అడిగాను. రాగిపిండి పోశాక గెలకాలి కదా, మూత తీయకుండా ఎలా అని ఆయనే తిరిగి అడిగాడు. ఆ ప్రశ్న నాకు మేలు చేసింది. మూత తీసిన ప్రతిసారీ కూడబెట్టిన వేడి పోతుంది కాబట్టి సంగటిని మొదటి రోజే పక్కన పెట్టాను. అన్నం, పప్పు, గుడ్లు, చిలగడదుంపలు మాత్రమే మా లెక్కలోకి వచ్చాయి.

సోలార్ కుక్కర్ అనగానే మనవాళ్లలో చాలామందికి ఒకప్పుడు ప్రభుత్వ రాయితీ మీద వచ్చిన పెట్టె గుర్తొస్తుంది. రెండు పొరల గాజు, మూత లోపల అద్దం, చుట్టూ దూది లాంటి పొర. బాగానే వండుతుంది, కానీ పది కిలోల పైమాట. స్విట్జర్లాండుకు చెందిన శాస్త్రవేత్త సొస్యూర్ 1767లో కట్టిన వేడిపెట్టె దగ్గర నుంచి ఆ జాతి అంతా ఇంటి డాబా మీద కదలకుండా కూర్చునేదే. రెండో రకం గుంటపళ్లెం అద్దాలు. తిరుమలలో 2002లో అన్నప్రసాదానికి ఆవిరి తయారుచేసేందుకు పెట్టినవి ఆ కుటుంబంలోని పెద్దవి. వాటి చిన్న తమ్ముళ్లు ఇంటి వంటకూ ఉన్నాయి, గ్యాసు పొయ్యిలా వేగంగా వండుతాయి. కానీ అద్దం ఒకచోట గురిపెట్టిన వెలుగు గిన్నె మీద కాక ఎండుగడ్డి మీద పడిందంటే, నేను ఏ ప్రమాదం తప్పించాలని బయలుదేరానో అదే తెచ్చిపెట్టినట్లవుతుంది. గాలి తీసేసిన గాజు గొట్టాల కుక్కర్లు కూడా చూశాను. పనితనంలో వాటికి సాటి లేదు. అయితే సన్నటి గొట్టంలో అన్నం వండుకోవడం కష్టం, పైగా అది గాజు.

మిగిలింది రేకుల కుక్కర్. నల్లటి గిన్నెను వేడిని తట్టుకునే పారదర్శక సంచిలో పెట్టి, చుట్టూ మెరిసే రేకులు నిలబెడతారు. రోజర్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆలోచన ఆధారంగా సోలార్ కుకర్స్ ఇంటర్నేషనల్ సంస్థ 1994లో అట్టతో, అల్యూమినియం రేకుతో చేసిన కుకిట్ ఈ రకానికి పెద్దదిక్కు. మరుసటి ఏడాది నుంచి కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరంలో దాన్ని వాడారు. మడిస్తే పుస్తకాల కట్టంత అవుతుంది. నేను అక్కడి నుంచే మొదలుపెట్టాను.

గీతలకు ముందు లెక్క వేసుకోవాలి. పావు కిలో బియ్యం, అర లీటరు నీళ్లు, మూడు వందల గ్రాముల అల్యూమినియం గిన్నె. ముప్పై డిగ్రీల నుంచి మరుగు దాకా తేవాలంటే నీళ్లకు 147 కిలోజౌళ్లు, బియ్యానికి 30, గిన్నెకు 19 చొప్పున కావాలి. మొత్తం సుమారు 200 కిలోజౌళ్లు. నష్టాలు పోగా సగటున 50 వాట్లు గిన్నెలోకి దిగితే గంటా పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత ఉడకడానికి మరో అరగంట, నలభై నిమిషాలు. అంటే రెండు గంటల లోపు అన్నం. నీళ్లు తెర్లి పొంగాల్సిన పని లేదు, 85 డిగ్రీలు దాటితే బియ్యం నెమ్మదిగా ఉడుకుతూనే ఉంటుంది.

ఆ 50 వాట్లు మిగలాలంటే ఎంత ఎండను పట్టాలి? మంచి ఎండలో చదరపు మీటరుకు 900 వాట్లు అనుకుందాం. రేకు దగ్గర కొంత, సంచి దగ్గర కొంత, గిన్నె రంగు దగ్గర కొంత పోతుంది. మూడూ కలిపితే మూడింట రెండు వంతులు మిగులుతుంది. రేకుల మీద పడిన వెలుగులో సగమైనా గిన్నెకు తగలకుండా పక్కకు పోతుంది. కుక్కర్‌కు ఎండను పట్టే నోరు 0.4 చదరపు మీటర్లు పెడితే 360 వాట్లు లోపలికి వచ్చి, 120 వాట్ల దాకా గిన్నెలో దిగుతాయి. గిన్నె వేడెక్కేకొద్దీ బయటికి పోయే వేడి పెరిగి, చివర్లో చేతికి మిగిలేది 40 వాట్ల దగ్గర నిలుస్తుంది. ఈ నోటికి తగ్గ రేకులు పరిస్తే 0.8 చదరపు మీటర్లు కావాలి. అంత రేకును ఒక కిలో లోపు బరువులో తేవడమే నా ముందున్న పని.

మొదటి నమూనా అట్టతో చేశాను. రెండు రోజుల్లో మేకలు తినేశాయి. గొర్రెల మందలో పది పదిహేను మేకలు ఎప్పుడూ ఉంటాయని, అట్ట, దాని మీది గంజి వాటికి ఇష్టమైన మేత అని నాకు తట్టలేదు. మేకల సంగతి వదిలేసినా, ఒక రాత్రి మంచుకే అట్ట మెత్తబడి నడుములు వంగింది.

రెండోసారి ఎన్నికల బోర్డులకు, దుకాణాల ప్రకటనలకు వాడే ముడతల ప్లాస్టిక్ తీసుకున్నాను. అందరూ సన్‌ప్యాక్ షీటు అనే పేరుతోనే అడుగుతారు. మూడు మిల్లీమీటర్ల మందంలో తేలికైన రకం చదరపు మీటరు అర కిలో తూగింది. నాకు కావలసిన రేకులకు 400 గ్రాములు. తడవదు, మేక నోటికి రుచించదు, తొక్కితే వంగి మళ్లీ లేస్తుంది. ముడతల వెంబడి దానంతట అదే మడత పడుతుంది. అడ్డంగా మడవాలంటే పై పొరను మాత్రం కత్తితో గీసి, కింది పొరను బిజాగరీలా వదలాలి. ఇలా ఏడు పలకలు చేస్తే 35 సెంటీమీటర్ల చదరంగా, మూడు సెంటీమీటర్ల మందంగా మడత వచ్చింది. సంచిలో గిన్నె పక్కన నిలువుగా పడుతుంది.

మెరుపు పొర దగ్గర చాలా కాలం పోయింది. వంటింటి అల్యూమినియం రేకు బాగా మెరుస్తుంది కానీ మడతల దగ్గర చిరుగుతుంది. అందుకని అల్యూమినియం పూత ఉన్న పాలిస్టర్ పొర తీసుకున్నాను. 25 మైక్రాన్ల మందంలో చదరపు మీటరుకు 35 గ్రాములే. బహుమతులకు చుట్టే మెరుపు కాగితం కూడా ఈ జాతిదే, అయితే దాని పూత వేలితో రుద్దినా లేచి వస్తుంది.

పొరను షీటుకు అంటించడం ఇంకో తలనొప్పి. ఈ ప్లాస్టిక్‌కు తెల్ల జిగురు పట్టదు. చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు సొల్యూషన్ పట్టింది. సంబరపడ్డాను. మూడో రోజు ఎండకు జిగురు మెత్తబడి పొర నిండా బొబ్బలు లేచాయి. చివరికి జిగురు మాట మానేసి, పొరను బిగుతుగా లాగి అంచుల చుట్టూ గుడ్డపట్టీ వేసి దర్జీ దగ్గర కుట్టించాను. మధ్యలో పొర కాస్త వదులుగా ఉంటుంది. గుంటపళ్లెం అద్దానికైతే అది పెద్ద దోషం. రేకుల కుక్కర్‌కు వెలుగు గిన్నె వైపు మళ్లితే చాలు, ఒకే చుక్క మీద పడనవసరం లేదు. ఈ రకం చేతిపనికి ఇంత అనువుగా ఉండడానికి అసలు కారణం ఈ ఓర్పే.

పూత ఏ వైపు ఉండాలో పెద్దాయన భార్య నేర్పింది. మంద ఊరు చేరినప్పుడు ఆమె కుక్కర్‌ను ఇంటి సామానుతో పాటు బూడిద, కొబ్బరిపీచు పెట్టి తోమింది. వంటపాత్రను తోమడంలో ఆమె తప్పేమీ లేదు. పైకి ఉన్న పూతంతా పోయి, పలకల మీద పారదర్శకమైన పాలిస్టర్ మాత్రమే మిగిలింది. ఇప్పుడు పూత లోపలికి, పాలిస్టర్ పైకి ఉంచుతున్నాను. తోమితే గీతలు పడతాయి, పూత మాత్రం పోదు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుందని ఆమెకు చెప్పాను. "ముందే చెప్పి ఉంటే తోమేదాన్నా నాయనా" అంది.

గిన్నె విషయంలో నాకు ఒక మంచి ఆశ్చర్యం ఎదురైంది. నల్ల పెయింటు వేసిన కొత్త గిన్నె ఒకటి, పుల్లల పొయ్యి మీద ఏళ్ల తరబడి మసిబారిన ఆయన గిన్నె ఒకటి పక్కపక్కన పెట్టి చూశాను. నా థర్మామీటరుకు తేడా దొరకలేదు. సోలార్ కుక్కర్‌కు కావలసిన నలుపును పాత పొయ్యి అప్పటికే ఇచ్చేసింది. ఒక్క జాగ్రత్త కావాలి. మసి సంచి లోపలి వైపు అంటుకుంటే వెలుగు తగ్గుతుంది. అందుకే సంచి గిన్నెకు తగలకుండా చూడాలి.

సంచికి మొదట్లో మామూలు పాలిథీన్ కవరు వాడాను. మూత వేడికి అది కరిగి గిన్నెకు అతుక్కుంది. ఆ వాసన అన్నానికి పట్టింది, ఆ పూట ఎవరూ తినలేదు. విదేశాల్లో ఓవెన్‌లో పెట్టే సంచులు వాడతారు. అవి 200 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. కానీ అనంతపురం సంతలో దొరకని వస్తువు మీద ఆధారపడితే మొదటి చిరుగుతోనే కుక్కర్ మూలపడుతుంది. బట్టల దుకాణాల్లో చొక్కాలు పెట్టే, గలగలలాడే పాలీప్రొపిలీన్ కవర్ల మందపాటి రకం తీసుకున్నాను. దాని కరిగే వేడి 160 డిగ్రీల దగ్గర ఉంటుంది. గిన్నె 100 దాటదు. సంచిని రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంచడానికి ఇనుప తీగతో చట్రం చేశాను. అదే తీగ కిందికి వంగి మూడు కాళ్ల స్టాండు అవుతుంది. గిన్నె నేలకు అంటకుండా ఐదు సెంటీమీటర్ల ఎత్తున నిలబడితే అడుగుకూ వెలుగు తగులుతుంది, నేల వేడిని లాక్కోదు. ఎండ తాకిడికి ఈ సంచి కొన్ని నెలల్లో పెళుసుబారుతుంది. అందుకని రెండు సంచులు అదనంగా ఇస్తున్నాను.

అన్నీ కలిపి తూకం వేస్తే, గిన్నె మినహా, ఏడు వందల గ్రాములు. నేను చాలా గర్వపడ్డ రోజు అది. ఆ గర్వాన్ని గాలి ఒక్క పూటలో తీసేసింది.

రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే వెలవలేదు. అనంతపురం నేలకు వాన తక్కువ, గాలి ఎక్కువ. సెకనుకు ఆరు మీటర్ల గాలి ఇక్కడ వింత కాదు. 0.35 చదరపు మీటర్ల రేకు నిలువుగా నిలబడితే ఆ గాలి దాదాపు 900 గ్రాముల బరువుతో నెడుతుంది. కుక్కర్ బరువు 700. ఎనిమిది మీటర్ల గాలికి ఆ తోపుడు కిలోన్నర దాటుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుందని పుస్తకంలో చదివినవాణ్నే. గ్రాములు తగ్గించే పట్టుదలలో ఆ లెక్క వేయలేదు. మొదటి రోజు కుక్కర్ లేచి ముప్పై అడుగుల అవతల పడింది. గిన్నె బోర్లాపడి అన్నం మట్టిపాలైంది. పెద్దాయన ఏమీ అనలేదు. నీళ్లతో కడిగి తినగలిగినంత ఏరుకున్నాడు. నాకు మాత్రం ఆ దృశ్యం చాలా రోజులు కళ్ల ముందు నుంచి పోలేదు. ఆయనకు అది నమూనా పరీక్ష కాదు, ఆ పూట తిండి.

బరువైన అడుగుపలక వేయాలని, మేకులు కొట్టాలని, నీళ్లు నింపే గొట్టం పెట్టాలని తెగ ఆలోచించాను. దారి చూపింది కొడుకు. "రాళ్లకేం కరువు సారూ ఇక్కడ" అన్నాడు. నిజమే, ఆ గుట్టల మీద అడుగు తీసి అడుగు వేస్తే రాయే. గుడ్డపట్టీ కుట్టేటప్పుడే నాలుగు మూలలా జేబులు పెట్టించాను. దించినచోట పిడికెడంత రాళ్లు నింపుతారు, లేచేటప్పుడు కుమ్మరిస్తారు. వెనక పలకలకు రెండు తాళ్లు కట్టి వాటినీ రాళ్ల కింద అదుముతారు. కుక్కర్‌కు కావలసిన బరువు గుట్ట మీదే ఉంది, భుజాన మోయనక్కరలేదు. జేబుల గుడ్డ బరువు పాతిక గ్రాములు. గాలి ఇక్కడ ఎక్కువగా పడమటి నుంచి కాబట్టి, కుదిరితే బండరాయి చాటున దించమని చెప్పాను. అది ఆయనకు నేను చెప్పాల్సిన సంగతి కాదు.

అదే తాళ్లతో ఇంకో సమస్య కూడా తీరింది. అనంతపురం 14.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తు దాటడు. ఏప్రిల్ ఆఖరుకు, మళ్లీ ఆగస్టు రెండో వారానికి నడినెత్తిన ఉంటాడు. చలికాలంలో నిటారుగా నిలబెట్టిన వెనక పలకలు ఎండాకాలంలో అలాగే ఉంటే దాదాపు ఏమీ పట్టవు, వాటిని వెనక్కి వాల్చాలి. కోణాలు చెప్పి లాభం లేదు. తాటికి మూడు ముడులు వేశాను. సంక్రాంతి ముడి, శివరాత్రి ముడి, ఉగాది ముడి. ఏ పండుగ దగ్గరుంటే ఆ ముడి కొక్కేనికి తగిలించాలి. ముందు పలకను గిన్నె మీద వెలుగు పడేదాకా ఎత్తితే చాలు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు కాబట్టి గంటకోసారి తిప్పాలి. తిప్పడానికి మనిషి లేకపోతే, గంట తర్వాత సూర్యుడు ఉండే వైపుకు కాస్త ముందుగానే తిప్పి పెట్టి వెళ్లవచ్చు.

కొలతలు జనవరిలో, గాలి లేని ఉదయాలు చూసుకుని తీశాను. ఒక లీటరు నీళ్లు, గిన్నె అడుగుకు సెంటీమీటరు ఎత్తున థర్మామీటరు. పది నిమిషాల్లో నీళ్లు 80 నుంచి 86 డిగ్రీలకు చేరాయి. అంటే 42 వాట్లు. అప్పుడు ఎండ చదరపు మీటరుకు 850. ఇలాంటి కొలతలను 700 వాట్ల ఎండకు సర్ది చెప్పడం అంతర్జాతీయంగా వాడుక. అలా సర్దితే 34 వాట్లకు కాస్త పైన తేలింది. సర్దకముందు వచ్చిన 42 వాట్లు కాగితం మీద వేసిన 40 వాట్లతో అటూఇటుగా కలిశాయి. అసలు ఆ పద్ధతి ప్రకారం కుక్కర్ నోటి వైశాల్యంలో చదరపు మీటరుకు ఏడు లీటర్ల చొప్పున నీళ్లు పెట్టాలి. మా నోటికి 2.8 లీటర్లు. మా గిన్నె అంత పట్టదు. కాబట్టి ఈ అంకెను మా నమూనాలను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే వాడాను. వేరే కుక్కర్ల అంకెల పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఫిబ్రవరిలో కుక్కర్ మందతో వెళ్లింది. వాళ్ల రోజు ఎలా నడుస్తుందో అప్పుడు సరిగ్గా తెలిసింది. ఎక్కువగా తెల్లవారుజామున, చీకటి పడ్డాక వండుకుంటారు. ఆ రెండు వేళలూ ఎండకు బయటివే. మధ్యాహ్నం పదకొండున్నర నుంచి రెండున్నర దాకా మంద చెట్ల నీడన పడుకుంటుంది, ఆ వేళ పొద్దున వండిన చద్ది తింటారు, అది లేని రోజు అప్పుడే పొయ్యి రాజేస్తారు. ఎండ బలంగా ఉండేది, మంద ఆగేది ఒకే వేళ కావడం మాకు కలిసొచ్చింది. పదకొండున్నరకు పెడితే ఒంటిగంటన్నరకు వేడన్నం. చద్ది మానేసి వేడన్నం తినడం తండ్రీకొడుకులకు నచ్చింది. రెండో గిన్నెలో పప్పు పెట్టి రెండున్నరకు దించి రాత్రికి దాచుకోవాలని కూడా వాళ్లే అనుకున్నారు.

వేడి నిలపడానికి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేకపోయింది, గొంగళి ఉంది. చిక్కటి ఉన్ని, మూడు మడతలు చుట్టి గట్టిగా కట్టేసరికి 95 డిగ్రీల పప్పు రెండు గంటల తర్వాత 64 దగ్గర ఉంది. అక్కడి నుంచి మాత్రం నాకు భయం. వండిన అన్నం, పప్పు 60 డిగ్రీలకు దిగువన గంటల తరబడి ఉంటే తిండిని పాడుచేసే సూక్ష్మజీవులకు అది అనువైన చోటు. కాబట్టి సాయంత్రం ఐదు లోపల తినమని, రాత్రి దాకా దాచవద్దని ఖచ్చితంగా చెప్పాను. రాత్రి వంటకు పుల్లల పొయ్యి తప్పలేదు. ఇంధనం మొత్తం ఆదా అయిందని నేను చెప్పను. గాలి రేగే మధ్యాహ్నం, ఎండుగడ్డి మధ్య నిప్పు రాజేయాల్సిన అవసరం తప్పింది. నేను బయలుదేరింది దాని కోసమే.

సామానుకు ఒక్కోదానికి ఐదు వందల రూపాయల దాకా పడుతోంది, దర్జీ కూలితో కలిపి. ఇంతవరకు తొమ్మిది చేశాను. రెండు మడతల దగ్గర చిరిగి వెనక్కి వచ్చాయి. గీసిన మడత ఎండకు పెళుసుబారుతోంది. ఇకపై మడతలను గీయకుండా, విడి పలకలను గుడ్డ బిజాగరీలతో కుడుతున్నాను. ఇరవై గ్రాములు పెరుగుతాయి, ఒప్పుకోదగిన బరువే.

జూన్ నెలాఖరులో పెద్దాయన తన కుక్కర్‌ను మడిచి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. పాడైందేమోనని విప్పి చూశాను. ఏమీ కాలేదు. ఆషాఢం గాలికి జేబుల నిండా రాళ్లు పోసినా పలకలు రెపరెపలాడుతున్నాయట, రోజులో సగం మబ్బు. సంచిలో ఊరికే మోయడం ఎందుకన్నాడు. "దసరా పోయాక వచ్చి తీసుకుంటాను సారూ. ఎవరికీ ఇచ్చేయొద్దు" అని చెప్పి, రెండు కొత్త సంచులు అప్పుడే అడిగి తీసుకుని వెళ్లాడు.